లోపల లేని మనిషి

బంట్రోతు వట్టివేళ్ళ తడకల మీద నీళ్ళు చల్లుతున్నాడు. చెంబుడు నీళ్ళు పడ్డప్పుడల్లా తడక సుయ్‌మని తాగేస్తోంది, తాగి వాసన వదులుతోంది. తడి మన్ను వాసన, వేర్ల వాసన, ఎండ మొహం ఎరగని చోటి వాసన. పులివెందుల బంగళా వరండాలో గోడకు వీపు ఆనించి కూర్చున్న మాబున్ని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది, వెంటనే తీసేసింది. అడ్డం పెట్టుకోవద్దని జమ్మలమడుగు డాక్టరమ్మ చెప్పింది. వచ్చే వాసనను రానియ్యి, అది వచ్చినప్పుడు చుట్టూ చూడు, కనపడిందానికల్లా పేరు పెట్టి నీకు నువ్వే చెప్పుకో అంది. మాబున్ని చూసింది. వేపచెట్టు. చెట్టు కింద ఆఫీసరు జీపు. జీపు చక్రానికి ఎండిన పేడ. కాళ్ళ కింద నల్లబండలు. గోడ మీద ఎవరో సున్నం తుడుచుకున్న వేళ్ళ గుర్తులు. ఎదుటి స్తంభం పక్కన పెంచలమ్మ తల్లి శివమ్మ. శివమ్మ దగ్గరకు రాగానే చూపు జారిపోయింది. మళ్ళీ వేపచెట్టు దగ్గర నుంచి మొదలుపెట్టింది.

విచారణ గది తలుపులు తీసే ఉన్నాయి, వాకిట్లో తడక ఒక్కటే వేలాడుతోంది. లోపల ముందుగా మేస్త్రీ ఆదినారాయణను అడుగుతున్నారు. ఆ తర్వాత ఇద్దరు మగకూలీలు, ఆ తర్వాత నువ్వు అని బంట్రోతు చెప్పాడు. గంట పట్టొచ్చు. గంటలో పేరు పెట్టి పిలుస్తారు. పిలిస్తే లేచి, ఆ తడకను చేత్తో పక్కకు నెట్టి, చీకటిలోకి పోవాలి. పోయి నాలుగు మాటలు చెప్పాలి. ఆ నాలుగు మాటలూ ఆదినారాయణ ప్రొద్దుటూరుకు వచ్చి, ప్రమాదం తర్వాత వాళ్ళు చేరిన అక్క ఖాతూన్‌బీ ఇంటి అరుగు మీద కూర్చుని, చిన్నపిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పిపోయాడు. “నేను పైన తట్టలు మోస్తాండా. పెంచలమ్మ నా ముందర పోతాండాది. పైనుంచి రాయి దొర్లింది. పెంచలమ్మ ఆడికాడికే పాణమిడిసింది. ఇంతే మాబున్నీ. నాలుగే నాలుగు మాటలు. నువ్వు లోపల లేవు. ఆడోళ్ళెవరూ ఎప్పుడూ గుంత లోపలికి దిగలా. తెలిసిందా?” పక్కనే ఆమె మొగుడు ఖలందర్ తల ఊపుతూ కూర్చున్నాడు. అప్పటికే వారం అయింది అతనికి గని యజమాని పత్తిమిల్లులో వాచ్‌మన్ పని దొరికి. దూది ఏకి ఏకి ఊపిరితిత్తులు చెడిన మనిషికి కూర్చుని చేసే పని దొరకడం అంటే మాటలా? అతను కొత్త ఖాకీ చొక్కా గుండీలు తడుముకుంటూ ఉండిపోయాడు.

లోపల లేవు. ఆ మాట వింటే మాబున్నికి నవ్వు వస్తుంది. వేముల అవతల ముగ్గురాయి గని అది. తెల్లని రాయి, ఇంత ముక్క కూడా ఇనుములాగా బరువు. రాతి పొర కొండ కిందికి వంకరలు పోతూ సన్నగా పాకింది, దాని వెంట తవ్వుకుంటూ పోయిన సొరంగం కూడా అంతే సన్నం. నిటారైన మగవాళ్ళు నడుం విరిగేలా వంగితే గాని పోలేని చోటు. అందుకే ఆడవాళ్ళను దించారు, పొట్టివాళ్ళను ఏరి మరీ. తొలిరోజు మాబున్నికి సంతోషం కూడా వేసింది. పైన రాయి పెనంలాగా కాలుతుంటే కింద చల్లగా ఉంది, పెంచలమ్మ తోడు ఉంది, ఇద్దరూ కిరసనాయిలు బుడ్డీ వెలుగులో తట్టలు ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూ అత్తల మీద, మొగుళ్ళ మీద చెప్పుకోని మాట లేదు. పెంచలమ్మకు మొగుడు లేడు, పోయి ఆరేళ్ళు. అయినా అందరికంటే ఎక్కువ కబుర్లు ఆమె దగ్గరే ఉండేవి. వేంపల్లె దోవలో జీపు దుమ్ము కనపడితే పైన కావలివాడు రెండువేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసేవాడు. ఈల వినపడగానే ఆడవాళ్ళందరూ నిచ్చెన ఎక్కి పైకొచ్చి, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు రాళ్ళు ఏరుతూ కూర్చునేవాళ్ళు. జీపులో వచ్చిన దొరలు టోపీలు సర్దుకుని చూసి పోయేవాళ్ళు. పెంచలమ్మ పకపకా నవ్వేది. “మనం కోడిపిల్లలం మే. గద్దొస్తే తల్లి రెక్క కిందికి దూరతాయి గదా, మనం దూరం, పైకెక్కుతాం.”

రెండేళ్ళ కిందటి శ్రావణమాసం. మూడురోజుల ముసురు. పైకప్పుకు ఆనించిన కొయ్యలు ఉబ్బి కీచుమంటున్నాయని మగవాళ్ళు చెప్పారు, మేస్త్రీ విన్నాడు, విని దిగమన్నాడు. ఇది కూడా ఇప్పుడు వరసలో చెప్పగలుగుతోంది మాబున్ని. ఎనిమిది నెలల కిందట చెప్పలేకపోయేది. అప్పుడు ఆమె దగ్గర ఉన్నది కథ కాదు, ముక్కలు. బుడ్డీ మంట ఒక్కసారి నీలంగా మారడం. నోటి నిండా సున్నం. చెవులు మూసుకుపోయి తన గుండె తనకే ఎవరో తలుపు తడుతున్నట్టు వినపడడం. ఆ ముక్కలు చెప్పాపెట్టకుండా వచ్చేవి. రొట్టె కాలుస్తుంటే వచ్చేవి. ప్రొద్దుటూరు బజారులో లారీ టైరు పేలితే మాబున్ని నడివీధిలో బోర్లా పడి చేతులతో నెత్తి కప్పుకుంది, చుట్టూ మూగిన జనం నవ్వారు. వానపడితే ఇంట్లో ఉండలేకపోయేది, వానలోనే కూర్చునేది. కప్పు కింద పడుకోలేకపోయేది, గడియ పెడితే గోళ్ళతో తలుపు గీరేది. ఖలందర్ దర్గాకు తీసుకుపోయాడు, తాయెత్తు కట్టించాడు. తాయెత్తు పని చేయకపోతే సింహాద్రిపురంలో ఎవడో మంత్రగాడు కాల్చిన ఇనుపకడ్డీతో రెండు కణతల మీదా వాతలు పెట్టాడు. వాతలు మానాయి. అన్నిటికంటే ఇంట్లోవాళ్ళను భయపెట్టింది ఇంకొకటి. పేరు పెట్టి పిలిస్తే మాబున్ని పలికేది కాదు. కళ్ళెదురుగా కూర్చుని, వింటూ, పలికేది కాదు. అయిదేళ్ళ కూతురు మైమూన్ జ్వరంలో “అమ్మా, అమ్మా” అని రాత్రంతా పిలిచింది, వరండాలో కూర్చున్న తల్లి రాయిలాగా కూర్చునే ఉంది. తెల్లవారి ఖాతూన్‌బీ చెల్లెలి రెండు చెంపలూ వాయించి, “నువ్వు తల్లివా దయ్యానివా?” అని ఏడ్చింది.

జమ్మలమడుగు ఆసుపత్రిలో కూడా అదే జరిగింది. కాంపౌండరు చీటీ చూసి మూడుసార్లు పిలిచాడు. మాబున్ని అతని ముందే ఉంది, పలకలేదు. “చెవుడు కాదు సారూ, పిలిస్తే పలకదు, అదే జబ్బు” అన్నాడు ఖలందర్. ఆ మాట లోపలి నుంచి విని డాక్టరమ్మ దీవెనమ్మ తానే బయటికొచ్చింది. యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, మోకాళ్ళ నొప్పి. లోపలికి రమ్మనలేదు, వరండాలో నేల మీదే మాబున్ని పక్కన చతికిలబడింది, పడుతూ అమ్మా అని మూలిగింది. “యాడ పడినావు? ఎంతసేపు ఉంటివి ఆడ?” అని అడిగింది. ఎవరూ అడగని మాట. అందరూ ఏమైంది నీకు అని అడిగినవాళ్ళే. యుద్ధమప్పుడు బర్మా సరిహద్దులో సిపాయిల ఆసుపత్రిలో పని చేశానని, మీసాలు మెలేసిన హవల్దార్లు పళ్ళెం కింద పడిన చప్పుడుకు మంచాల కింద దూరేవాళ్ళని, దీనికి ఇంగ్లీషులో ఏవేవో పేర్లు ఉన్నాయని, ఏ పేరూ తనకు నచ్చలేదని చెప్పింది. “పిచ్చి మాత్రం కాదు. ఆ దినం ముగిసిపోలా నీకు, అంతే. ఇంకా జరగతానే ఉండాది. దాన్ని మొదట్నుంచి చివరిదాకా చెప్పాల. ఒకసారి కాదు, శానాసార్లు. చెప్పేటప్పుడు ప్రాణం పోయినట్టుంటది. నన్ను తిట్టుకుంటావు. తిట్టుకో. రావడం మాత్రం మానొద్దు.”

తిట్టుకుంది. ప్రతి మంగళవారం ప్రొద్దుటూరులో బస్సెక్కి, పెన్నేటి ఇసుక మీద ఎండను చూస్తూ పోయి, ఈమెకేం పోయింది, కుర్చీలో కూర్చుని నా కడుపులో చెయ్యి పెట్టి కలుపుతుంది అని తిట్టుకుంటూ తిరిగొచ్చేది. తొలి నెల నిచ్చెన దగ్గరికే రాగలిగింది. నిచ్చెన నాలుగో మెట్టు విరిగి ఉంటుంది, అక్కడ కాలు పెట్టేసరికి నోరు పడిపోయేది. డాక్టరమ్మ ఆగేది. “ఇప్పుడు యాడుండావు? ఏం కనపడతాండాది?” కిటికీ. మందుసీసాలు. నీ చెప్పులు. “సరే. మళ్ళా నాలుగో మెట్టు కాడికి పోదాం.” రెండో నెలకు కిందికి దిగింది, మూడో నెలకు కొయ్యలు విరిగాయి. మాట మాటకూ చెమటతో రవిక తడిసేది. ఆసుపత్రి వెనుక సామాన్ల గది ఒకటి ఉంది, కిటికీ లేనిది. ముందు దాని గడప మీద కూర్చోబెట్టింది. తర్వాత తలుపు ఓరగా వేసి. ఆ తర్వాత గడియ మాబున్ని చేతికే ఇచ్చి, నీకు ఓపిక ఉన్నంతసేపు వేసుకో, చాలనుకుంటే తీసుకో అంది. గడియ తన చేతిలో ఉండడం. దానికే ఒళ్ళంతా ఏడ్చింది మాబున్ని. ఇంట్లో చేయమని ఇంకొక పని చెప్పింది, పిల్లను లోపలి గదిలో నిలబెట్టి పదిసార్లు పిలిపించుకో, పదిసార్లూ పలుకు. మైమూన్‌కు అది ఆట అయింది. “అమ్మా!” “ఆ.” “అమ్మా!” “ఆ.” “ఓ మాబున్నీ!” ఆ పిలుపు దగ్గర తల్లి ఆగిపోతే పిల్ల తల బయటికి పెట్టి, “ఓడిపోయినావు” అనేది. సంక్రాంతి పోయి శివరాత్రి వచ్చేసరికి మాబున్ని కప్పు కింద నిద్రపోయింది. పూర్తిగా కాదు. నాలుగు రాత్రుల్లో మూడు. అది చాలు మనిషి మళ్ళీ మనిషి కావడానికి.

తడక కదిలింది. ఆదినారాయణ బయటికొచ్చి తుండుతో మెడ తుడుచుకున్నాడు. శివమ్మ దగ్గర వంగి, “మజ్జిగ తాగుతావా పెద్దమ్మా?” అని మర్యాదగా అడిగి, మాబున్ని వైపు చూసి నాలుగు వేళ్ళు చూపించాడు. నాలుగు మాటలు. శివమ్మను కారులో తీసుకొచ్చింది కూడా అతనే. చచ్చినదాని తల్లి వరండాలో కూర్చుని ఉంటే ఎవరికీ నోరు పెగలదని అతనికి తెలుసు. చదువు లేకపోయినా మనుషుల గుండె ఎక్కడ మెత్తగా ఉంటుందో తెలిసినవాడు.

శివమ్మను చూడడం ఇది రెండోసారి. మొదటిసారి చైత్రంలో. వైద్యం మొదలైన ఆరో నెలలో ఒక మంగళవారం మాబున్ని అప్పటిదాకా దాటేస్తూ వచ్చిన చోటును దాటలేకపోయింది. బండ పడ్డాక వాళ్ళిద్దరి మధ్యా గోడ లేచింది, అవతల పెంచలమ్మ, ఇవతల తను. మాట వినపడుతుంది, చెయ్యి అందదు. పెంచలమ్మ నడుం కింద రాయి ఉంది. మొదట ఇద్దరూ మాట్లాడుకున్నారు. మేకపిల్లను కట్టెయ్యకుండా వచ్చానని, పక్కింటి చిక్కుడుతీగ తినేస్తుందని పెంచలమ్మ బెంగపడింది. తర్వాత దప్పిక అంది. తర్వాత పిలవడం మొదలుపెట్టింది. “మాబున్నీ, పలుకు మే.” పలికింది. “మాబున్నీ, ఉండావా?” ఉన్నానంది. చీకట్లో పగలూ రాత్రీ లేదు, పిలుపే గడియారం. ఎన్నిసార్లని పలుకుతుంది? ప్రతి పలుకుకూ నోట్లో దుమ్ము పడుతోంది, గాలి తగ్గుతోంది. అదీ కాదు. అవతల గొంతు మారిపోయింది. మనిషి గొంతు లాగా లేదు, నూతిలో పడ్డ దూడ గొంతు లాగా ఉంది. దానికి బదులు పలికితే తనకూ అదే గొంతు వస్తుందనిపించింది. మాబున్ని రెండు చెవులూ మూసుకుంది. పలకలేదు. పెంచలమ్మ శానాసేపు పిలిచింది. పలకకపోతే మాబున్ని చచ్చిపోయిందనుకుని ఏడ్చింది కూడా. ఆ ఏడుపు చెవులు మూసుకున్నా వినపడింది. తర్వాత ఏమీ వినపడలేదు. మరుసటి రోజు పొద్దుగుంకేటప్పుడు గడ్డపారల చప్పుడు వచ్చింది.

అంతా చెప్పి, “నేనే చంపితి” అంది డాక్టరమ్మతో. “నువ్వు పలికింటే బండ లేచేదా?” అందామె. మాబున్నికి ఎక్కడలేని కోపం వచ్చింది. “బండ లెయ్యదు. అది ఒంటరిగా పోయిండదు గదా!” అని అరిచింది. ఆసుపత్రిలో మొదటిసారి అరవడం. దీవెనమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. “దానికి నా దగ్గర మందు లేదు మాబున్నీ. అది జబ్బు కాదు” అంది. ఎప్పుడన్నా ధైర్యం వస్తే పెంచలమ్మ మనుషులను ఒకసారి చూసిరా అని మాత్రం చెప్పింది. ధైర్యం రాలేదు, అయినా పోయింది. వేంపల్లె అవతల శివమ్మ గుడిసె. చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది ముసలామె. నీ కూతురుతో పని చేసినదాన్ని అనగానే చేతులు పట్టుకుంది. “నువ్వు సూసినావంట గదా, మేస్త్రీ చెప్పినాడు. రాయి దొర్లి ఒక్కసారే పోయిందంట. నొప్పి గూడ తెలీలేదంట. ఆ ఒక్క మాట పట్టుకునే కూడు తింటాండా తల్లీ. ఒక్కసారే పోయింది గదా?” మాబున్ని  చింతగింజలు తీయడానికి సాయం కూర్చుని, రెండు శేర్లు తీసి, బస్సెక్కి వచ్చేసింది.

ఆదినారాయణ నాలుగు మాటల్లో నాలుగోది అదే. ఆడికాడికే పాణమిడిసింది. అబద్ధమే కావచ్చు, ఒక తల్లి దాని మీద పడుకుని నిద్రపోతోంది. చెప్పేస్తే ఏం పోయింది? ఖలందర్ పని నిలుస్తుంది, శివమ్మ నిద్ర నిలుస్తుంది. విచారణ కాగితాలు రాజధానితో పాటు కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయి, అక్కడ ఏ మూటలోనో పడుకుని, రెండేళ్ళకు తిరిగొచ్చాయి. నిజం కోసం ఎవరు తొందరపడ్డారు గనక? కాని ఆ మొదటి మాట ఉంది. నేను పైన ఉన్నాను. ఎనిమిది నెలలు, వారం వారం, చెమట కక్కుతూ నేర్చుకున్నది ఒకటే ముక్క కదా, అప్పుడు లోపల ఉన్నాను, ఇప్పుడు బయట ఉన్నాను. మొదటి సగం తీసేస్తే రెండో సగం దేని మీద నిలబడుతుంది? లోపల లేకపోతే బయటికి ఎప్పుడు వచ్చినట్టు? ఇంకొకటి కూడా ఉంది, దాన్ని తలుచుకోవద్దనుకున్నా వస్తుంది. పోయిన నెల ఈశ్వరమ్మ కనపడింది ప్రొద్దుటూరు సంతలో, గని ఊరిది. పక్కన కొత్త సొరంగం తెరిచారని, తన చిన్నకూతురు అందులోకి దిగుతోందని సంబరంగా చెప్పింది. “కింద సల్లగుంటదంట మే.” ఆ పిల్లకు పదహారేళ్ళు. ఇంకా ఈల వేస్తున్నారన్న మాట.

“దూదేకుల మాబున్నీ!”

కూలీలిద్దరూ పోయి వచ్చాక బంట్రోతు పిలిచాడు. ఒళ్ళు బండ అయింది. స్తంభం, జీపు, వేపచెట్టు అన్నీ ఒక్కసారి దూరం జరిగాయి. “మాబున్నీ!” రెండోసారి. గొంతులో సున్నం. పలకాలి. పలికితే నోట్లో దుమ్ము పడదు, ఇక్కడ దుమ్ము లేదు, ఎండ ఉంది. మూడోసారి పిలవడానికి బంట్రోతు నోరు తెరిచాడు. “ఆ” అంది మాబున్ని. చాలా గట్టిగా అంది. శివమ్మ ఉలిక్కిపడి చూసింది.

తడక తోసుకుని లోపలికి పోయేసరికి చీకటి, తడి, వేళ్ళకు చల్లదనం. బల్ల ఎక్కడుంది? తెల్లటిది ఆఫీసరు చొక్కా. పక్కన గుమాస్తా. ఇటుపక్క నల్లకోటు, యజమాని వకీలు, ప్రొద్దుటూరు మనిషి. బండ మీద బొటనవేలు నొక్కి నిలబడింది. ఆఫీసరు గొంతు మెత్తగానే ఉంది. ప్రమాదం జరిగినప్పుడు ఎక్కడున్నావమ్మా అన్నాడు.

“లోపల ఉండా సామీ.”

కలం చప్పుడు ఆగింది. వకీలు గొంతు సవరించుకున్నాడు. మాబున్ని ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేననుకుంది. నిచ్చెన నాలుగో మెట్టు విరిగి ఉంటుందని, ముసురుకు కొయ్యలు కీచుమన్నాయని, మేస్త్రీకి చెప్పారని, దిగమన్నాడని, బుడ్డీ నీలంగా మండి ఆరిపోయిందని, పెంచలమ్మ గోడ అవతల ఉందని, ఆడికాడికే పోలేదని, ఒక రాత్రంతా బతికే ఉందని, తనను బయటికి లాగి బండిలో పడుకోబెట్టి కంబళి కప్పారని, ఆ కంబళి సందులోంచి చూస్తే పెంచలమ్మను మోసుకొచ్చి పైన రాళ్ళకుప్ప పక్కన పెట్టి మీద రాళ్ళు పేర్చారని, వరసగా, ఒక్క మెట్టు కూడా దాటకుండా చెప్పింది. ఆసుపత్రి సామాన్ల గదిలో డాక్టరమ్మ ఒక్కతే కూర్చుని వింటున్నట్టు చెప్పింది. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

“చట్టప్రకారం ఆడవాళ్ళు గని లోపలికి దిగకూడదు. తెలుసా?” అన్నాడు ఆఫీసరు.

“మాకు తెలీదు సామీ. దించినోళ్ళకు తెలుసు. అందుకే జీపొస్తే ఈలేస్తాండిరి.”

గుమాస్తా నవ్వబోయి ఆపుకున్నాడు. అప్పుడు వకీలు లేచాడు. కేకలేమీ వేయలేదు. మంగళవారం మంగళవారం జమ్మలమడుగు పోతాండావు కదమ్మా, దేనికి అని అడిగాడు. నిద్ర రాక అంది. నిద్ర రాకపోతే అంత దూరం పోవాల్నా అన్నాడు. కోటు జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. ఆ మడతలు మాబున్నికి తెలుసు. ఇంట్లో రేకుపెట్టె అడుగున, మైమూన్ చిన్నప్పటి టోపీ కింద, తానే మడిచి పెట్టిన ఆసుపత్రి చీటీ. పెట్టె తాళం ఇద్దరి దగ్గరే ఉంటుంది. తన దగ్గర, ఖలందర్ దగ్గర. వకీలు ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాడు. “ఈమెకు తాను గని లోపల చిక్కుకుని ఉన్నట్టు ఇప్పటికీ అనిపిస్తుంటుంది, ఊపిరాడనట్టు, ఎవరో పిలుస్తున్నట్టు వినపడుతుంటుంది. డాక్టరమ్మే రాసింది సార్. అనిపిస్తుంటుందట. వినపడుతుంటుందట. హాజరు రిజిస్టరులో పైన పని చేసినట్టే ఉంది. పాపం, స్నేహితురాలు కళ్ళముందు పోయేసరికి మతి చలించింది.” పాపం అన్నప్పుడు అతని గొంతులో నిజంగానే జాలి ఉంది. ఏ వైద్యం బలంతో ఆమె ఈ గదిలో నిలబడి మాట్లాడగలిగిందో ఆ వైద్యం చీటీనే ఆమె నోటి మీద అతికించాడు.

ఆఫీసరు కళ్ళు నులుముకున్నాడు. చెడ్డవాడు కాదు. మధ్యాహ్నానికి కడప చేరాల్సినవాడు. గుమాస్తాతో ఏదో రాయించి, వేలిముద్ర వెయ్యమన్నాడు. చదివి వినిపించమంది మాబున్ని. గుమాస్తా చదివాడు. సదరు మాబున్ని ప్రమాద సమయమున తాను గని లోపల ఉన్నట్లు భ్రమపడుచున్నది. చికిత్సలో ఉన్నది.

“ఏలు పెట్టను” అంది.

“ముద్ర నిరాకరించినది అని రాసుకో” అని, ఆఫీసరు ఆమె వైపు తిరిగి, “మందులు మానొద్దమ్మా, తగ్గిపోతుంది” అన్నాడు.

బయట ఎండ చెంపమీద కొట్టింది. మెట్ల దగ్గర ఆదినారాయణ తమలపాకుకు సున్నం రాస్తూ, తల ఎత్తకుండానే, “నీ మొగున్ని ఆ చొక్కా ఇడిసి ఇచ్చేయమని చెప్పు పో” అన్నాడు. పో అంటే పోవాలి. బస్సు ఒంటిగంటకు. ప్రొద్దుటూరులో దిగాలి, ఇంటికి పోవాలి, పెట్టె తెరిచిన మనిషి మొహం చూడాలి, ఆ మనిషికి దగ్గు వస్తే నీళ్ళు ఇవ్వాలి. మాబున్ని ఒక్క మెట్టు దిగింది.

“మేయ్.”

శివమ్మ. స్తంభం పట్టుకుని లేచి నిలబడింది. లోపలి మాటలు ఆపడానికి వాకిట్లో తలుపు లేదు, తడక ఉంది. అంతా వినింది. మజ్జిగ గ్లాసు తాగకుండా పక్కనే ఉంది. దగ్గరకొచ్చి చెయ్యి ఎత్తింది, కొడుతుందనుకుంది మాబున్ని, కొట్టించుకుందామనే నిలబడింది. ఎత్తిన చెయ్యి మాబున్ని భుజం మీద పడి అక్కడి రవికను పిడికిలి పట్టింది.

“యాల చెప్తివే? నా పాటికి నేను కూడు తింటాంటి గదా. ఒక్కసారే పోయిందని నిమ్మళంగా ఉంటి గదా. యాల చెప్తివి?” అంది.  ఈశ్వరమ్మ కూతురు గురించి చెప్పొచ్చు. అది సగమే నిజం. మిగతా సగం తన కోసం చెప్పింది. శివమ్మ ఆమెను మెట్ల మీద కూలేసి, తానూ పక్కన కూర్చుంది. “ఇంక దాస్తే ఏం లాభం? చెప్పు. ఆ రాత్రంతా ఏం జేసింది నా బిడ్డ? ఒక్క మాట ఇడిసిపెట్టొద్దు.”

మాబున్ని చెప్పింది. ఆఫీసరుకు చెప్పనిది కూడా చెప్పింది, అతను అడగలేదు గనక. మేకపిల్ల, దప్పిక, పిలవడం. పలికినన్నిసార్లు. తర్వాత చెవులు మూసుకోవడం. అక్కడికి వచ్చేసరికి జమ్మలమడుగులో ప్రతిసారీ ఏడుపొచ్చేది, ఇప్పుడు రాలేదు, కళ్ళు ఎండిపోయి మండాయి. శివమ్మ మొహం చూస్తూ చెప్పింది. శివమ్మ ఎండలోకి చూస్తూ వినింది.

“దానికి సిన్నప్పట్నుంచీ సీకటంటే బయం,” అంది శివమ్మ. “ఎనిమిదేండ్లొచ్చినా దొడ్డికి పోవాలంటే నేను వాకిట్లో నిలబడి మాట్లాడతానే ఉండాల. నా మాట ఆగితే ఏడ్చేది.” రవిక మీది పిడికిలి వదిలింది. “నువ్వు ఆడనే ఉండావు. మూర దూరంలో ఉండావు. పలక్కపోతివి.”

“ఆ పెద్దమ్మా. ఆడనే ఉండా. పలకలా.”

శివమ్మ తల ఊపింది. శపించలేదు, క్షమించలేదు. మోకాళ్ళ మీద చేతులు ఊని లేచి, ఆదినారాయణ కారు తలుపు తెరిచి పట్టుకుంటే అతని పక్కనుంచే నడిచిపోయి, బస్టాండు దోవ పట్టింది. చెప్పుల్లేని కాళ్ళు తారు మీద కాలి, పరుగులాంటి నడక నడుస్తోంది. మాబున్ని ఆమెను అందుకోలేదు, ఆమెకు దూరం కానూ లేదు. ఒకటే బస్సు. ముందర ఆమె, వెనకాల ఈమె, పులివెందుల బజారు మధ్యలో ఎండలో పోయారు.